ఇచ్చిన చేతికి బెల్లం

మా వీధి చివర గోడకు ఎవరో ఇనుప రింగు బిగించారు. పక్కింటి అమ్మాయి పొద్దున్నుంచి దాంట్లోకి బంతి విసురుతోంది. ఎప్పుడో ఒకసారి రోడ్డు అవతలి నుంచి విసిరితే పడిందట. ఇక అంతే, అక్కణ్ణుంచి కదలదు. పడదు, మళ్లీ విసురుతుంది, బంతి వచ్చి మా గేటుకు తగులుతుంది. లేచి అందిద్దామంటే నా మోకాళ్లు మొరాయిస్తాయి. "దగ్గరికొచ్చి వెయ్యమ్మా" అని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. బతుకంతా ఆ మాటే చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

ఆ పిచ్చి మా అక్కకూ ఉండేది. అక్క అంటే పెద్దమ్మ బిడ్డ. మాది ధారూర్ పక్క పల్లె. రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొన్నేళ్లకు మా ఇద్దరినీ వికారాబాద్‌లో మిషన్ హాస్టల్లో వేశారు. అక్కడ పొద్దున జొన్న గటక, రాత్రి జొన్నరొట్టె, నడుమ ప్రార్థన, చదువు, బాస్కెట్‌బాల్. గంపలో బంతి వేసే ఆట అని చెబితే మా అమ్మమ్మ, "గా గంపల కందులన్న ఎత్తరాదుండ్రి, పనైతది" అంది. అక్క తొలి ఆటలోనే సగం మైదానం దూరం నుంచి విసిరింది. ఏ పుణ్యానో పడింది. జనం ఒకటే చప్పట్లు. అప్పటినుంచి బంతి చేతికొస్తే చాలు, ఎక్కడుంటే అక్కణ్ణుంచి విసరడమే. పక్కన నలుగురం చేతులు చాచి నిలబడితే మా మొహం కూడా చూసేది కాదు. ఆ ఏడు తాండూరు జట్టు చేతిలో చిత్తుగా ఓడాం.

మా డ్రిల్లు టీచరమ్మ తిట్టలేదు. మర్నాడు కొంగులో బెల్లం ముక్కలు కట్టుకొని వచ్చింది. "ఇగ సూడుండ్రి. బాల్ గంపల పడితే ఏసినదానికి ఏం లేదు, దానికి పడ్డ సంబురమే సాలు. అందిచ్చినదానికే బెల్లం" అంది. హాస్టలు ఆకలికి బెల్లమంటే మాటలా! అక్క కొద్దిరోజుల్లోనే మారిపోయింది. గంప కిందే నిలబడి కూడా నాకు అందించేది. నేను వేసేదాన్ని, బెల్లం ఆమెకు వచ్చేది, కొరికి సగం నాకు పెట్టేది. ఒక్కోసారి ఐదుగురమూ ఒకరికొకరం అందించుకోవడమే గానీ వేసేవాళ్లు ఉండేవారు కాదు. "ఓ పిల్లలూ, ఎవలన్న ఏయిండ్రే!" అని టీచరమ్మ తల పట్టుకునేది. అయినా ఆ చలికాలమంతా గెలుస్తూ వచ్చాం కనుక బెల్లం మానలేదు.

మళ్లీ తాండూరుతో ఆట వచ్చింది. వ్యాయామ టీచర్ల ట్రైనింగుకు ఒక అమ్మాయిని ఎంచడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వస్తోందన్నారు. ఒక్కటే సీటు. మా ఇద్దరికీ హాస్టల్లో అదే ఆఖరి ఏడు. నన్ను మా అమ్మ ఎలాగోలా నర్సు చదువుకైనా పంపేది. అక్కకు సీటు రాకపోతే కంది చేన్లలో కూలికి రమ్మని పెదనాన్న అప్పటికే కబురు పెట్టాడు. రైల్లో పోతూ అక్క నా చెయ్యి వదల్లేదు. "జర బుగులైతుందే. గా సీటు నాకే రావాలె" అంది. వస్తుందనే అనుకున్నాను. మా అందరిలోకీ ఆటగత్తె తనే.

తాండూరులో బండలకు కొదవేముంది, ఆట స్థలం కూడా నాపరాళ్లు పరిచిందే. ఆట ముగియబోయేసరికి రెండు జట్లూ సమానం. అక్క ఇద్దరిని తప్పించుకొని గంప కిందికి చేరింది. చుట్టూ ఎవరూ లేరు. చెయ్యెత్తి వదిలితే పడుతుంది. "ఏసెయ్యే! నువ్వే ఎయ్!" అని టీచరమ్మ గొంతు చించుకుంది. అక్క తల తిప్పి నా కోసం చూసింది. మరుక్షణం బంతి నా చేతుల్లో ఉంది. వేశాను. పడింది. మేడమ్ నేరుగా నా దగ్గరికి వచ్చి పేరు అడిగింది. "ఆట మొత్తం నడిపిచ్చింది గా పిల్లనమ్మా" అని టీచరమ్మ అక్కను చూపించింది. "గెలిపించింది ఎవరో నేను చూశాను కదండీ" అంటూ మేడమ్ నా పేరే రాసుకుంది.

తిరుగు రైల్లో టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ అక్క చేతిలో బెల్లం ముక్క పెట్టింది. అక్క కొరికి సగం నా వైపు చాచింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఎందుకిచ్చినవే నాకు? గంప నీ నెత్తి మీదనే ఉండె గదా!" అన్నాను. అక్క ఆ ముక్కను నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "ఏమో చెల్లె. ఇయ్యాలె అనుకోలే. చెయ్యే ఇచ్చేసింది" అంది.

నేను టీచర్నయి, ఊరూరా ఈల ఊది, అలిసిపోయి ఈ కుర్చీకి అతుక్కుపోయాను. అక్క కంది చేన్లలో నడుం వంగి, పోయింది కూడా. నేను సెలవులకు వెళ్తే మంచి రొట్టె నా పళ్లెంలో వేసి మాడింది తను తినేది. వద్దంటే వినేది కాదు. నా మీద కోపం పెట్టుకున్నా బాగుండేదని ఎన్నిసార్లు అనిపించిందో. ఆ చెయ్యి అలవాటు పడటానికి ఒక్క చలికాలం చాలింది, దాన్ని మాన్పించడానికి తర్వాత వచ్చిన ఏళ్లన్నీ కలిపినా చాలలేదు.