వేశానని చెప్పిన గోళీలు

మా పాపకు ఆరేళ్లప్పుడు మోకాళ్లు లోపలికి వంగి, నడిస్తే ఒకదానికొకటి రాసుకునేవి. బోధన్‌లో మా ఇంటి పక్కవాళ్లు పొద్దుటి ఎండలో కూర్చోబెట్టమన్నారు. ఏడాదిపాటు అదే చేశాను. కిడ్నీలు పుట్టుకతోనే సరిగా ఎదగలేదని ఆ తర్వాత గానీ బయటపడలేదు.

"ఎండతోని ఒంట్ల తయారైన డి విటమిన్‌ను కిడ్నీలే పనికొచ్చేటట్టు మార్చాలె. ఈమె కిడ్నీలకు గా బలం లేదమ్మా" అంది హైదరాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ. అందుకు వేరే మందు రాసింది. రక్తం పట్టడానికి వారానికో ఇంజెక్షన్, రోజూ ఒక ఐరన్ గోళీ.

గొడవంతా ఆ గోళీతోనే. వేసుకున్న గంటకు పాప కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. మరుగుదొడ్లో కూర్చుని ఏడ్చేది. మలం నల్లగా వస్తే మా అత్త భయపడింది.

"గా గోళీ బంద్ పెట్టు బిడ్డా. పోరి పానం తీస్తవా ఏంది" అంది.

నాకూ ఆ మాటే ఎవరైనా అంటే బాగుండునని ఉన్నట్టుంది. మానేశాను.

తర్వాతి నెల డాక్టరమ్మ అడిగింది. "ఐరన్ రోజూ ఏస్తున్నవా?"

"ఏస్తున్న మేడం" అన్నాను. పక్కనే కూర్చున్న పాప నా వైపు చూసి తల దించుకుంది.

అలా నాలుగు నెలలు. రక్తం ఎందుకు పెరగడం లేదో అంతుపట్టక డాక్టరమ్మ ఇంజెక్షన్ మోతాదు పెంచింది. ఎక్కడైనా రక్తం పోతోందేమోనని పరీక్షలు చేయించింది. నరం దొరక్క పొడిచిన చోటే మళ్లీ పొడిచేవారు. నిజం ఒక్క మాట చెబితే అవన్నీ ఆగిపోయేవి. నేను చెప్పలేదు, పాపా చెప్పలేదు.

చివరికి గొంతులోంచి గొట్టం వేసి కడుపు లోపల చూడాలన్నారు. సంతకం చేయమని కాగితం నా చేతికిచ్చారు. పాప నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఇప్పుడన్న సెప్తవా?"

ఆ కాగితంతోనే లోపలికెళ్లి అంతా చెప్పాను. డాక్టరమ్మ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. "కడుపు నొస్తున్నదని సెప్తే గప్పుడే నరంల ఎక్కిస్తుంటి గదమ్మా" అంది. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాపను అడిగాను, ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావని.

"నిన్ను తిడ్తరని" అంది.

ఆ వారమే ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. రెండు నెలలకు పెదాలకు రంగొచ్చింది. నిజామాబాద్ స్టేషన్ మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కింది. కాళ్లు కొంత సర్దుకున్నాయి, పూర్తిగా కాదు. ఇప్పుడు పదమూడేళ్లు, తరగతిలో అందరికంటే పొట్టి. నా వల్లనేనా అని ఒకసారి అడిగితే, జబ్బు వల్లనే అంది డాక్టరమ్మ. నన్ను ఊరడించడానికే అలా అందేమో తెలియదు.

మందులన్నీ పాప తనే చూసుకుంటుంది. ఏ గోళీ ఎప్పుడు వేసుకున్నదీ డాక్టరమ్మ దాన్నే అడుగుతుంది. నన్ను అడగడం ఎప్పుడో మానేసింది.