బావ బండి చప్పుడు

బావ చనిపోయిన ఏడాదికి అక్క నన్ను ఆ కారు ఒకసారి స్టార్ట్ చేయమంది. బాన్సువాడలో వాళ్ల ఇంటి పక్క రేకుల షెడ్డులో కదలకుండా పడి ఉన్న పాత తెల్ల కారు అది. బావ కోటగిరి దారిలోని పొలానికి రోజూ అందులోనే పోయేవాడు. యూరియా బస్తాలు కూడా వెనక సీట్లోనే. నేను బడి పంతులునే అయినా ఇంజన్ పని కొంత తెలుసు. నేర్పింది ఆయనే.

"తమ్మీ, ఒక్కపారి చాలు చేసి సూడు," అంది అక్క. ఎందుకని నేను అడగలేదు.

ఆదివారం పొద్దున బ్యాటరీ మార్చి, కొత్త పెట్రోలు పోశాను. చాలాసేపు సతాయించి అందుకుంది. అందుకోవడంతోనే మిస్సింగ్ కొట్టింది. నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగా మండటం లేదు. ఉండుండి తప్పుతోంది, మళ్లీ కలుస్తోంది, కారంతా ఊగుతోంది. అక్క తడి చేతులతోనే వంటింట్లోంచి వచ్చి మెట్టు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. ఆ మోత భరించలేకపోతోందనుకున్నాను.

"ఫికర్ చెయ్యకక్కా, గీ మోత లేకుండ చేస్త," అన్నాను. ఇంజన్ హోరులో ఆమెకు వినపడినట్టు లేదు.

ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. తక్కినవి తీస్తే ఇంజన్ కుంగిపోయింది. మూడోది తీస్తే పెద్ద తేడా లేదు. రోగం అక్కడే. ఆ ప్లగ్గు విప్పితే తడిగా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వే రావడం లేదు. ప్లగ్గు మార్చాను, వైరు మార్చాను. అయినా మూడోదే తప్పుతోంది. ఇక మిగిలింది ప్లగ్గులకు కరెంటు పంచే నల్ల మూత. విప్పి ఎండకు పట్టి చూస్తే లోపల వెంట్రుకంత బీట, దాని వెంట మసి గీత. దొరికిందన్న సంబరంలో గట్టిగా తుడిచాను. పాతబడ్డ మూత, చేతిలోనే రెండు ముక్కలైంది. పోతే పోయిందిలే, ఎలాగూ మార్చాల్సిందే అనుకున్నాను.

మరుసటి ఆదివారం నిజామాబాద్ నుంచి కొత్త మూత తెచ్చి బిగించాను. ఇంజన్ మెత్తగా, ఒకే తీరున తిరిగింది. సంతోషంగా అక్కను కేకేశాను.

వచ్చి నిలబడింది. "ఇదేందిరా? గా సప్పుడు యాడికి పాయె?"

"బాగైందక్కా. మిస్సింగ్ పోయింది."

"బాగు చెయ్యమని నేనెప్పుడన్న?" షెడ్డు గుంజ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. "సందు మలుపుల గా సప్పుడు ఇనంగనే చాయ్ పెడుతుంటిరా. మొన్న నువ్వు చాలు చేస్తే మీ బావనే అచ్చిండనుకున్న."

అక్క బిడ్డ పెళ్లి వీడియోలో బావ మాట ఉంది, నవ్వు ఉంది. కారు చప్పుడు ఎవరు రికార్డు చేసి పెట్టుకుంటారు?

మూడో వైరు వదులు చేసి సగం తగిలించాను. ఇంజన్ తప్పడం మొదలుపెట్టింది. అక్క కళ్లు మూసుకుని విన్నది.

"లేదు తమ్మీ. మీ బావ బండి గిట్ల రాదు."

ఇంకాస్త లాగాను, మళ్లీ నొక్కాను. వేలికి షాక్ కొట్టినా వదలలేదు. చివరికి ఆమే లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

"ఇగ ఇడిసిపెట్టు. నీకేం తెలుస్తది."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు ఇక ఆగలేదు.

ఆ చలికాలంలోనే మద్నూర్ నుంచి ఒకాయన వచ్చి కారు కొనుక్కున్నాడు. మరాఠీ కలిసిన తెలుగులో ఇంజన్‌ను తెగ మెచ్చుకున్నాడు. అక్క బయటికి రాలేదు. ఆయన వెళ్లాక లోపలికి పోయి చూస్తే వంటింట్లో బియ్యం చెరుగుతోంది.

"ఎప్పుడు తీస్కపోతడంట?" అని అడిగింది.

"గిప్పుడే గీ కిటికీ ముంగటికెల్లే తీస్కపోయిండక్కా," అన్నాను.