నడుం విరిగిందనుకున్న డాన్సు

2009లో, మా పెళ్లయిన రెండో ఏడు, మేం నిడదవోలులో ఉండేవాళ్లం. మావారి ఆఫీసు పార్టీలో భార్యాభర్తలు కలిసి డాన్సు చెయ్యాలన్నారు. ఇంట్లో కొత్తగా పెట్టించిన ఇంటర్నెట్‌లో పాఠాలు చూసి నేర్చుకోవడం మొదలుపెట్టాం. అత్తయ్యగారు ఏమంటారోనన్న భయంతో, ఆవిడ గుడికి వెళ్లాక తలుపులు వేసుకుని చేసేవాళ్లం.

ఒకరోజు పాఠంలో చూపించినట్టే మావారు నన్ను ఒంటిచేత్తో వెనక్కి వాల్చారు. మరుక్షణం "అమ్మా!" అని అరిచి, నాతోపాటు కింద పడ్డారు.

"కాళ్లు కదలట్లేదే" అన్నారు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. సాయం కోసం తలుపు తీస్తే ఎదురుగా అత్తయ్యగారు! ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను. ఆవిడ వెంటనే పక్కింటివాళ్లను పిలిచి మావారిని ఆటో ఎక్కించారు.

"ఎలా జరిగిందండీ?" అడిగారు ఆసుపత్రిలో డాక్టరుగారు.

"బియ్యం బస్తా ఎత్తాడండి" అన్నారు అత్తయ్యగారు, తడుముకోకుండా.

డాక్టరుగారు పరీక్ష చేసి, "కంగారేం లేదండి, నడుం పట్టేసింది. వారంలో లేచి తిరుగుతారు" అన్నారు. నాకు అప్పుడు ఊపిరి ఆడింది.

బయటికి రాగానే అత్తయ్యగారు, "ఈసారి తలుపులు తీసే చేసుకోండమ్మా. పడితే పట్టుకోడానికి నేనుంటాను" అన్నారు.

పార్టీకి వెళ్లలేకపోయాం. ఆవిడంటే నాకున్న భయం మాత్రం ఆ ఆసుపత్రి గుమ్మంలోనే పోయింది.