ఎజ్రా గీసిన గీత

నంద్యాలలో ఎజ్రా షెడ్డు ముందు ఎప్పుడూ ఏదో ఒక పాత కారు బానెట్ ఎత్తి నిలబడి ఉంటుంది. ఎజ్రా పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుని వింటాడు. అరిగిన బేరింగు తీశాడంటే, ఎవరూ పొరపాటున మళ్లీ వాడకుండా దాని వీపున ఉలితో అడ్డగీత గీసి పాత డబ్బాలో పడేస్తాడు.

ఆళ్లగడ్డ జనార్దనం తన నాయన కాలంనాటి అంబాసిడర్‌ను తెచ్చిన రోజూ అట్లే విన్నాడు.

"నాలుగు నెల్ల కిందటే గదప్పా ఈడ బేరింగులు మార్పిస్తి. మళ్లా టకటకమంటాంది, ఏందీ?" అన్నాడు జనార్దనం.

అప్పుడు ఎజ్రా జ్వరంతో పడుకుంటే ఆ పని చేసింది బామ్మర్ది రూబెన్. ఇప్పుడు ఎజ్రా ఇంజను అడుగు విప్పి బేరింగులు తీసి చూస్తే, వాటి వీపున ఎజ్రా గీసిన గీతలే ఉన్నాయి. వెంటనే షెడ్డు వెనక్కి పోయి రూబెన్‌కు ఫోన్ చేశాడు.

"రూబెనూ, జనార్దనం కారుకు కొత్తవే ఏసినావా?"

"కొత్తవే బావా, ప్రభువు సాక్షిగా చెప్తాండా. నామీదే అనుమానమా నీకు?"

ఎజ్రా ఫోన్ పెట్టేసి ముందుకొచ్చి, గీతలున్న పాత బేరింగులను జనార్దనానికి చూపించాడు.

"ఎవరప్పా చేసింది?" అన్నాడు జనార్దనం.

"నా షెడ్లో జరిగింది, నేనే అనుకో అన్నా. కొత్తవి ఏసిస్తా."

జనార్దనం ఎదురంగడి నుంచి టీ తెచ్చి ఎజ్రా చేతిలో పెట్టాడు.

ఆదివారం చర్చిలో రూబెన్ ఎప్పటిలాగే వచ్చి చాపమీద పక్కనే కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకటే పాటల పుస్తకం. ఎజ్రా దాన్ని పూర్తిగా అతని వైపుకు జరిపి, పాట అయిపోయేదాకా నోరు విప్పకుండా కూర్చున్నాడు.