జైనాబీ సొంత తప్పు

ఆళ్లగడ్డలో పరుపుల గఫూర్ అంటే తెలియని వీధి తక్కువ. దూది ఏకడం, పరుపులు కుట్టడం ఆయన పని. పెద్దకూతురు జైనాబీ పదో తరగతి పాసయ్యాక చదువు మాని, నాయన పక్కన కూర్చుని పరుపుల అంచులు కుట్టింది. కొన్నేళ్లకు నంద్యాలలో ఆటో తోలే రియాజ్‌తో పెళ్లయింది. నౌషీన్ పుట్టింది. ఆ పిల్ల బడికి పోవడం మొదలుపెట్టాక, జైనాబీ నంద్యాలలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేరింది.

దుప్పట్లు మార్చడం, లేవలేనివాళ్లను బాత్రూముకు నడిపించడం, నేల తుడవడం. ఆయాలందరూ చేసే పనే. అయితే జైనాబీకి ఒక అలవాటుండేది. ఏది చూసినా ఎందుకని అడిగేది. ఈయనకు సెలైన్ అంత మెల్లగా ఎందుకు ఎక్కిస్తున్నారు? ఆ అవ్వకు ఉప్పు ఎందుకు వద్దన్నారు? హెడ్ నర్సు ఉమామహేశ్వరమ్మ అసలే ముక్కోపి. కొన్నాళ్లు జవాబు చెప్పింది, కొన్నాళ్లు కసిరింది. ఒకరోజు మందుల ట్రే సర్దుకుంటూ అన్నది:

"నీకు చెప్పీ చెప్పీ నా నోరు నొస్తాంది జైనాబీ. పో, ఇంటరు చదువు. నర్సింగులో చేరు. నీ ఎందుకులన్నీ ఆడ అడుగు."

అది తిట్టో సలహానో జైనాబీకి అప్పుడు తెలియలేదు. వారం తిరక్కుండానే ఉమామహేశ్వరమ్మ తన తమ్ముని కూతురి పాత పుస్తకాలు సంచీలో తెచ్చి చేతికిచ్చినప్పుడు తెలిసింది.

ఓపెన్ ఇంటరు కట్టింది. సెంటరు ఆళ్లగడ్డలో ఎంచుకుంది, ఆదివారం తరగతులకు పోయినప్పుడు నౌషీన్‌ను అమ్మ దగ్గర వదలొచ్చని. బోటనీ, జువాలజీ ఆమెకు కష్టమనిపించలేదు. గుండె గదుల గురించి చదువుతుంటే వార్డులో పడుకున్నవాళ్లు గుర్తొచ్చేవాళ్లు. ఫిజిక్స్ మాత్రం కొరుకుడు పడలేదు. సాయంత్రం డ్యూటీ దిగాక స్టేషన్ ముందు ఆటోలో కూర్చునేది. రైలు వచ్చేదాకా రియాజ్ పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. అతను చదివింది ఏడో తరగతి. కూడబలుక్కుని చదివేవాడు.

"కటకం... నా... నాభ్యంతరం... ఏందిమే ఇది? నా అభ్యంతరమా? నాకేం అభ్యంతరం లేదు, నువ్వు చదువుకో."

పక్క ఆటోవాళ్లు కూడా నవ్వారు. నాభ్యంతరం అంటే కటకం నుంచి నాభికి ఉండే దూరమని ఆ తర్వాత జైనాబీ మరిచిపోలేదు. కానీ కటకాల లెక్కలో ఎక్కడ మైనస్ గుర్తు పెట్టాలో మాత్రం ఎన్నిసార్లు చేసినా తప్పు పడేది.

ఆదివారం తరగతుల్లో పరిచయమైన పిల్ల హేమలత. ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో భూమీ పుట్రా ఉన్న రైతుల బిడ్డ. ఇంటరు పరీక్షల ముందు కామెర్లొచ్చి చదువు ఆగిపోయింది. ఆమెదీ నర్సింగు ఆశే. జైనాబీని అక్కా అని పిలిచేది. ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చునేవాళ్లు, ఒకే డబ్బాలో తినేవాళ్లు. తరగతులు పేరుకే జరిగేవి. చెప్పేవాళ్లు ఒక వారం వస్తే రెండు వారాలు రారు. సెంటరు నడిపే సుందరరాజు దానికి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు.

"ఏం భయపడాకండి. పరీక్ష రోజు అంతా నేను సూసుకుంటా."

ఎట్లా చూసుకుంటాడో ఫిజిక్స్ పరీక్ష రోజు తెలిసింది. ప్రశ్నపత్రం ఇచ్చిన కాసేపటికి నీళ్ల క్యాను మోసుకొచ్చినవాడి చేతి మీదుగా చీటీలు వచ్చాయి. చీమల బారులా సన్నటి అక్షరాలతో మైక్రో జిరాక్సులు. వరుసగా చేతులు మారాయి. కాపలా ఉన్న సారు కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడ్డాడు. వెనక బెంచీలో ఉన్న హేమలత జైనాబీ భుజం తట్టి చీటీ అందించింది. జైనాబీ దాన్ని విప్పలేదు. వెనక్కి తిరక్కుండానే హేమలత చేతిలో పెట్టేసింది.

"తీసుకో అక్కా. అందరూ రాస్తాండారు."

"నాకొద్దు హేమా."

గొప్ప ధైర్యంతో చేసిన పనేం కాదది. కటకం లెక్క ముందర పెట్టుకుని ఆమె అప్పటికే చెమటలు కక్కుతోంది. ఆ చీటీలో జవాబు ఉంటుందని తెలుసు. విప్పాలని చేతులు లాగాయి కూడా. కానీ ఆ ముందు వారమే వార్డులో ఉమామహేశ్వరమ్మ ఒక కొత్త నర్సును పక్కకు పిలిచి, "తెలీకుంటే తెలీదని చెప్పు. తెలిసినట్టు సూది ఎత్తాకు. ఆడ పండుకున్నాయన మనల్ని నమ్మి చెయ్యి చాపినాడు" అనడం జైనాబీ విన్నది. ఆ చాపిన చెయ్యి కళ్లముందు మెదిలింది. తనకు వచ్చిందే రాసి, పేపరు ఇచ్చేసి బయటికి వచ్చింది.

గేటు దగ్గర అమ్మాయిలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకామె అన్నది, "మేమంతా దొంగలం, ఈమె ఒక్కతే దొర." హేమలత తలవంచుకుంది. ఆ రోజు ఇద్దరూ వేరువేరుగా బస్టాండుకు నడిచారు.

ఫలితాలు వచ్చిన రోజు రియాజ్ ఫోనులో నంబరు కొట్టి చూశాడు. పాస్ అనీ లేదు, ఫెయిల్ అనీ లేదు. ఆపి ఉంచామని ఉంది. ఆ హాలులో రాసిన వాళ్లందరి ఫలితాలూ అట్లాగే ఆగిపోయాయి. సంగతి ఆళ్లగడ్డంతా పాకింది. సుందరరాజు చీటీలో సెంటీమీటర్లు అని ఉండాల్సిన చోట సెంటీగ్రేడు అని పడిందట. హాలులో అందరూ కటకం నాభ్యంతరాన్ని డిగ్రీల సెంటీగ్రేడులో రాశారట. దిద్దేవాళ్లు మొదట నవ్వుకుని, తర్వాత కట్ట మొత్తం పక్కన పెట్టారట.

ఆసుపత్రిలో ఆయాలు నవ్వారు. "నర్సు కావాలనుకున్న మనిషి కాపీ కొట్టి దొరికిందంట." జైనాబీ బకెట్టు తీసుకుని వార్డు తుడవను పోయింది. ఉమామహేశ్వరమ్మ అక్కడికే వచ్చి నిలబడింది.

"కొట్టినావా?"

"లేదు సిస్టరమ్మా."

"నా మొహం సూసి చెప్పు."

జైనాబీ తలెత్తి చూసింది. "లేదు."

"అయితే నువ్వెందుకు తల దించుకుంటాండావ్? ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పోయి ఇదే చెప్పు."

పిలుపు వచ్చింది. నంద్యాలలో విచారణ, ఒక్కొక్కరే రావాలి అన్నారు. దానికి ముందు సుందరరాజు ఆటో స్టాండులో రియాజ్‌ను కలిశాడు, ఆ తర్వాత ఇంటికీ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అందరం ఒకే మాట మీద ఉండాల. ఒకే నోట్సు చదివినాం, అందుకే జవాబులు ఒకటిగా వచ్చినాయి అని చెప్పండి. నువ్వు ఇంకో మాట చెప్తే ఆ ఆడపిల్లలందరి బతుకూ పాడైతాది. ఆలోచించుకో."

అతను పోయాక రియాజ్ ఆ ఖాళీ కుర్చీ తీసి గోడకు ఆనించాడు. భయపడుతున్నాడని జైనాబీకి తెలుసు. స్టాండులో బతకాల్సిన మనిషి. చివరికి అన్నాడు, "నేను చెప్పేదేం లేదు. ఆ పుస్తకాలు చదివింది నువ్వు. నీకెట్ల తోస్తే అట్ల చెప్పు. ఆటో నేను తోల్తా."

అదే సాయంత్రం హేమలత ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "అక్కా, నా పేరు చెప్పాకు. మా నాయన చదువు మాన్పిస్తాడు."

"నీ పేరు నేను చెప్పను హేమా. కానీ అబద్ధం కూడా చెప్పను."

విచారణకు గఫూర్ కూడా ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. గడ్డంలో దూది నూగు ఇంకా అట్లాగే ఉంది. వరండాలో అమ్మాయిలు, వాళ్లతో వచ్చిన పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. హేమలత వాళ్ల అమ్మ పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. లోపల విచారణ చేస్తున్నది రంగనాయకమ్మ అనే అధికారి. ఒకప్పుడు ఫిజిక్స్ లెక్చరరు. తలుపు బార్లా తీసే ఉంది. తన వంతు రాగానే జైనాబీ లోపలికి పోయింది.

"చీటీలు వచ్చాయా?"

"వచ్చినాయి మేడం."

అప్పటిదాకా లోపలికి వెళ్లిన వాళ్లందరూ చీటీలు రాలేదనే చెప్పారు. రంగనాయకమ్మ రాయడం ఆపి చూసింది.

"ఎవరు పంపారు?"

"సెంటరు సుందరరాజన్న. పరీక్ష ముందు అంతా సూసుకుంటానన్నాడు. చీటీలు నీళ్ల క్యానుతో వచ్చినాయి."

"నీకు ఎవరు అందించారు?"

జైనాబీ తల అడ్డంగా ఊపింది. "అది నేను చెప్పను మేడం. ఆ మనిషే చెప్పుకోవాల. నాకు అందింది, నేను విప్పకుండా వాపసు ఇచ్చినా. అంతే."

"చెప్పకపోతే నిన్ను నమ్మడం ఎలా?"

"నమ్మకుంటే మల్ల రాస్తా. ఇప్పుడే రాపీండి."

రంగనాయకమ్మ ఒక తెల్లకాగితం ముందుకు తోసి, కటకం లెక్కనే అంకెలు మార్చి ఇచ్చింది. జైనాబీ కుర్చీ అంచున కూర్చుని రాసింది. పటం శుభ్రంగా వేసింది. సూత్రం రాసింది. అంకెలు వేసుకుంటూ వచ్చి, జవాబు కింద గీత గీసి కాగితం ఇచ్చింది. రంగనాయకమ్మ చూసి కళ్లజోడు సవరించుకుంది.

"వస్తువు దూరానికి ఇక్కడ మైనస్ రావాలి కదమ్మా."

జైనాబీ ముఖం కందగడ్డలా అయింది. అంతా పోయిందనుకుంది. "ఎప్పుడూ ఆడనే పోతాది మేడం. ఎన్నిసార్లు చేసినా ఆ మైనస్ నాకు గుర్తుండదు."

రంగనాయకమ్మ పక్కనున్న కట్టలోంచి ఒక జవాబు పత్రం తీసి, పేజీ తిప్పి, ఈ కాగితం పక్కన పెట్టింది. అది జైనాబీ పరీక్షలో రాసిన పేపరే. అదే పటం. అదే సూత్రం. అదే చోట, అదే మైనస్ లేదు. కింద మాత్రం సెంటీమీటర్లు అని స్పష్టంగా ఉంది.

"హాలు మొత్తంలో ఈ తప్పు చేసింది నువ్వొక్కదానివే" అన్నది రంగనాయకమ్మ. ఆమె గొంతులో అప్పటిదాకా ఉన్న కరుకుదనం పోయింది. "మిగతావాళ్ల లెక్కల్లో ఈ తప్పు లేదు. ఎందుకంటే ఆ లెక్క వాళ్లు చెయ్యలేదు. నువ్వు చేశావు కాబట్టే తప్పు వచ్చింది. వెళ్లు. ఆ మైనస్ సంగతి మాత్రం చూసుకో."

జైనాబీ లేచి నమస్కారం పెట్టింది. తలుపు పక్కనే నిలబడిన గఫూర్ అంతా విన్నాడు. ఫిజిక్స్ సంగతి ఆయనకేం తెలియదు. కూతురి తప్పును ఒక పెద్ద అధికారి మెచ్చుకుందని మాత్రం అర్థమైంది. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "నాయనా, కూసో" అని జైనాబీ అంటే, "కూసోను లే, ఇట్లనే బాగుండాది" అన్నాడు.

తర్వాత పేరు హేమలతది. ఆమె లోపలికి పోతూ జైనాబీని చూసింది, కానీ ఆగలేదు. లోపలి నుంచి మాట వినిపించింది. మొదట సన్నగా, తర్వాత తేటగా.

"చీటీ అక్కకు అందించింది నేనే మేడం. చూసి రాసింది కూడా నేనే."

వాళ్ల అమ్మ తలపట్టుకుంది. జైనాబీ పోయి ఆమె పక్కన కూర్చుంది.

నెల తర్వాత జైనాబీ ఫలితం వచ్చింది. ఫిజిక్సులో గట్టున పడింది, అంతే. జువాలజీలో మంచి మార్కులు. నిజం ఒప్పుకున్న వాళ్లకు తర్వాతి పరీక్ష రాసుకునే అవకాశమిచ్చారు, హేమలతకూ అంతే. సుందరరాజు సెంటరు మూతపడింది. జైనాబీని అందరూ మెచ్చుకున్నారని చెప్పడానికి లేదు. ఆళ్లగడ్డ బస్టాండులో కొందరు అమ్మాయిలు ఆమెను చూసి ముఖం తిప్పుకున్నారు. ఒకామె తల్లి గఫూర్‌కు కుట్టమని ఇచ్చిన పరుపు వెనక్కి తీసుకుపోయింది. ఆయనే దాన్ని చుట్టి, తాడు కట్టి, బండి మీద పెట్టాడు.

నర్సింగు ప్రవేశ పరీక్షకు జైనాబీ ఇంకా పట్టుదలగా చదివింది. మళ్లీ రాయాల్సిన పరీక్షకు చదువుకోను హేమలత బస్సెక్కి నంద్యాలకు వచ్చేది. వాళ్ల నాయన మాన్పించలేదు, నెల రోజులు మాట్లాడకపోయినా బస్టాండు దాకా తనే బండి మీద దింపేవాడు. ఆసుపత్రి వెనక మెట్ల మీద ఇద్దరూ కూర్చుంటే, ఉమామహేశ్వరమ్మ డ్యూటీ దిగుతూ వచ్చి పాఠం అడిగేది. తప్పు చెప్తే తిట్టేది. రైటు చెప్తే ఇంకో ప్రశ్న అడిగేది.

సీటు నంద్యాలలోనే వచ్చింది. ఆ ఏడాది చేరిన వాళ్లలో జైనాబీయే పెద్దది. మొదటి వారం పిల్లలు ఆమెను మేడం అనుకుని లేచి నిలబడ్డారు.

కొన్ని నెలలకు కాలేజీలో దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే రోజు వచ్చింది. తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసింది రియాజ్. మడత చెడుతుందని ఆటోలో నౌషీన్‌ను ఒళ్లో కూర్చోనివ్వలేదు. హాలులో ముందు వరుసలో గఫూర్, పక్కన హేమలత, ఆ పక్కన చేతులు కట్టుకుని ఉమామహేశ్వరమ్మ. వేదిక మీద వరుసగా దీపాలు వెలిగాయి. నా చేతికి అప్పగించిన ప్రాణాన్ని నిజాయితీగా కాపాడుతానని అందరితోపాటు జైనాబీ పలికింది.

గఫూర్ ఇంకో పక్క కుర్చీలోని ముక్కూ ముఖం తెలియని ఆయన వైపు వంగి అడిగాడు.

"మీ పాప ఎవరప్పా?"

"ఆ చివర, పొట్టి పిల్ల. మీ పాప?"

"ఆ నడిమధ్యన. దీపం నిలకడగా పట్టుకుని నిలబడిందే, ఆ పాప. జైనాబీ" అన్నాడు గఫూర్. పక్కాయన సరిగ్గా చూశాడో లేదోనని లేచి నిలబడి, వేలు చాపి చూపించాడు.