ప్రోయాక్టివ్ చూడామణి

కళింగపట్నం రోడ్డులో ఉన్న మా ప్రైవేటు స్కూలుకి ఆడపిల్లల హాస్టలు ఒకటుంది. పదకొండేళ్లుగా దానికి వార్డెన్ చూడామణి. ఈ వేసవిలో యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు వస్తూనే ఇంగ్లిష్‌లో ఒక ఫారం పంచిపెట్టి, నింపుకుని ఇంటర్వ్యూకి రమ్మన్నారు. నచ్చకపోతే ఇంటికే! నేను ఇంగ్లిష్ మాస్టర్ని. ఆ ఫారం చూస్తే నాకే ఒళ్లు మండింది.

మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయి చూడామణి నా దగ్గరకొచ్చింది.

"మేస్టారూ, ఈ ప్రోయాక్టివ్ అంటే ఏటండి? యాక్టివా బండిలో కొత్త రకమేటి?"

నవ్వాపుకోలేకపోయాను. "కాదమ్మా. ఇబ్బంది వచ్చాక పరిగెత్తేవాళ్లు కాదు. రాకముందే, ఎవరూ చెప్పకుండానే చెయ్యాల్సింది చేసేసేవాళ్లు. నువ్వలా చేసిన పని ఒకటి రాయమంటున్నారు."

తల అడ్డంగా ఊపింది. "నాను అలాటివేటీ సెయ్యలేదండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మరి నిరుడు తుపానుకి?"

"అప్పుడేటయిందండీ? ఏటీ అవ్వలేదు కదా!"

అదీ వరస! తుపాను కబురు టీవీలో వినగానే బియ్యం, పప్పులు, గ్యాసు పొయ్యితో సహా మేడమీదికి ఎక్కించేసింది. తెల్లారేసరికి వంటింట్లో మోకాలి లోతు నీళ్లు. పిల్లలు మాత్రం ఎనిమిదింటికి మేడమీద వేడివేడి ఉప్మా తిన్నారు. పక్క హాస్టలు వార్డెన్ గిన్నెలు నెత్తిన పెట్టుకుని నీళ్లలో నడిచిందని పేపర్లో ఫొటో, ఆపైన శాలువా. మా చూడామణికి దక్కింది, ఉప్మాలో ఉప్పు తక్కువైందన్న ఫిర్యాదు. బతిమాలి, కోప్పడి, ఆ సంగతే రాయించాను.

ఫారం రాయించినవాడినని ఇంటర్వ్యూలో నన్నూ కూర్చోబెట్టారు. కొత్త కరస్పాండెంట్ వేంకటాచలం గారు ఫారం చదివి, "బియ్యం మేడెక్కించారు. ఇంతేనా?" అన్నారు.

"ఇంతేనండి."

"సరే, వెళ్లండి. ఎవరిని ఉంచేదీ సోమవారం చెబుతాం."

ఆ ఉద్యోగం తప్ప ఆమెకి వేరే ఆధారం లేదు. చూడామణి దండం పెట్టి గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగింది.

"సార్, నానున్నా లేకపోయినా ఒక్కటి సెయ్యండి. నీళ్ల మోటారు కిందనే ఉన్నాది. మునిగితే కాలిపోతాది, పిల్లలకి తాగడానికుండదు. వానలు పడకముందే గట్టు కట్టించి పైకెత్తించీయండి."

ఆయన పెన్ను తీసి ఫారం మీద సంతకం చేశారు.

"సోమవారం దాకా ఎందుకమ్మా? తాపీమేస్త్రీని మీరే పిలవండి."