రెండుసార్లు తడితే

మా పార్కులో ఎలుగుబంటి ఒక్కటే. లోపల దూరేవాళ్లం మాత్రం ఇద్దరం. దాని పేరు బొద్దుగాడు. గేటు మీద దాని బొమ్మ, టిక్కెట్ల మీద దాని బొమ్మ, చివరికి చెత్తబుట్టల మీద కూడా దాని బొమ్మే. రంగులరాట్నం ఆగిపోయినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, బొద్దుగాడు ఒక గంట కనపడకపోతే పిల్లలు పార్కు పీకి పందిరి వేస్తారు.

నేను ఆ ఉద్యోగంలో చేరింది తెలివి చూసి కాదు, పొడుగు చూసి. ఆ తొడుగు ఒకే ఎత్తు మనిషికి సరిపోతుంది. స్కూల్లో నన్ను ఎప్పుడూ వెనక బెంచీకి తరిమిన ఎత్తే మూడేళ్లు నాకు తిండి పెట్టింది. పార్కులో నా అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, పొడుగమ్మాయి అంటే చాలు.

రెండో మనిషి బాబాయ్. నాకు సొంత బాబాయేమీ కాదు. మేనేజరుగారికి తప్ప పార్కులో అందరికీ బాబాయే. యాభై దాటిన మనిషి, పదకొండేళ్లుగా ఆ తొడుగులో ఉన్నాడు. బయట చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. క్యాంటీన్లో ఎవరైనా తన కుర్చీ లాక్కున్నా నిలబడే టీ తాగేసి వెళ్లిపోతాడు. ఆ తల తగిలించుకున్నాడా, ఇక వేరే మనిషి. పిల్లల్ని చూసి సిగ్గుపడతాడు, వాళ్ల ఐస్‌క్రీం వైపు దొంగచూపులు చూస్తాడు, పొట్ట నిమురుకుంటూ బెంచీ మీద కూలబడతాడు. లోపల ఎవరున్నారో బయటివాళ్లకు తెలియకూడదని రూలు. కానీ ప్రతి ఆదివారం వచ్చే పిల్లలకు తెలిసేది. నేను లోపలున్న అరగంటలో బొద్దుగాడికి ఒంట్లో బాగాలేదని వాళ్లలో వాళ్లు చెప్పుకునేవారు.

అవును, అరగంటే. అంతకన్నా ఎక్కువసేపు ఉంటే లోపలి మనిషి ఉడికిపోతాడు. ఒకరు లోపలుంటే రెండోవారు నీలం చొక్కా వేసుకుని వెనకాలే నడవాలి. ఎందుకంటే బొద్దుగాడి కళ్లు గాజువి, వాటిలోంచి ఏమీ కనపడదు. చూడాలంటే నోట్లో ఉన్న నల్ల జాలీలోంచి చూడాలి. దూరంగా ఉన్న పెద్దవాళ్ల మొహాలు కనపడతాయి గానీ, నడుం కిందది ఏదీ కనపడదు. పిల్లలుండేదేమో అక్కడే.

అందుకే మాకు తట్లు ఉన్నాయి. వీపు మీద ఒకసారి తడితే ఆగాలి. రెండుసార్లు తడితే నడవాలి. మోచెయ్యి లాగితే మోకాళ్ల మీద కూర్చోవాలి, ఎదురుగా పసివాళ్లున్నారని అర్థం. లోపలున్నవారు నోరు విప్పకూడదు. వెనకున్నవారు ఫోను ముట్టకూడదు. మొదటిరోజే బాబాయ్ చెప్పాడు.

"చూడు పిల్లా, నువ్వు లోపలుంటే నీ కళ్లు నా దగ్గర. నేను లోపలుంటే నా కళ్లు నీ దగ్గర. ఉద్యోగమంటే ఇంతే. మిగతాదంతా చెమటే."

ఆయన నాకు కళ్లే కాదు, తిండి కూడా ఇచ్చాడు. పిన్ని కట్టే టిఫిన్ డబ్బాకు రెండు అరలు. పై అర ఆయనది, కింది అర నాది. మూడేళ్లలో ఒక్కరోజు కూడా అది మారలేదు.

నాకు పక్క ఊళ్లో పెద్ద హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం వచ్చింది. మూడేళ్లు మొహం దాచుకుని నవ్వించినదాన్ని, ఇకమీదట మొహం చూపించి నవ్వాలన్నమాట. నెలరోజుల నోటీసు ఇచ్చాను. అమ్మ బ్రెడ్డు కంపెనీలో ప్యాకింగు చేస్తుంది. ఆ వారంలో ఆమె నా సంగతి చెప్పని మనిషి ఆ లైన్లో లేరు. నోటీసు ఇచ్చిన ఐదో రోజు అది జరిగింది.

బాబాయ్ లోపలున్నాడు. నేను వెనకాల ఉన్నాను. ఫౌంటెన్ దగ్గర ఒక కుటుంబంతో ఫోటో అయిపోయింది. ఆపి ఉంచాను. జేబులో ఫోను అదిరింది. హోటల్ వాళ్ల మెసేజీ అయ్యుంటుందని తెలుసు. తెలుసు కాబట్టే తీశాను. ఎప్పుడు చేరాలో రాశారు, పాత యజమాని దగ్గర్నుంచి మంచి నడవడిక ఉన్నట్టు ఉత్తరం తెమ్మన్నారు. కళ్లు ఆ అక్షరాల మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ బాబాయ్ వీపు మీదికి వెళ్లి రెండుసార్లు తట్టింది.

బాబాయ్ నడిచాడు. నేను తడితే నడవడమే ఆయనకు తెలుసు.

ఎదురుగా ఆరేళ్ల పాప వంగి చెప్పు సరిచేసుకుంటోంది. ఆ బరువంతా వెళ్లి దాని మీద పడింది. పాప మణికట్టు విరిగింది. ఆ ఏడుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. అంతకన్నా ఎక్కువగా గుర్తున్నది మాత్రం బొద్దుగాడు. వాడు ఆ నవ్వుమొహంతోనే నేలమీద కూర్చుని, ఏం జరిగిందో తెలియక, చేతులతో గాలిలో వెతుకుతున్నాడు.

సాయంత్రం మేనేజరుగారి గదిలో ఇద్దరం నిలబడ్డాం. కెమెరాలో ఎలుగుబంటి ముందువైపే పడింది. దాని వీపు వెనక నా చెయ్యి ఏం చేసిందో ఎవరికీ కనపడలేదు.

"ఎవరు నడవమన్నారు?" అన్నారు మేనేజరుగారు.

నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అందుకున్నాడు. "ఎవరూ అనలేదండి. జాలీ మీద చెమట పట్టింది. తట్టకముందే నేనే అడుగేశాను."

మేనేజరుగారు నావైపు తిరిగారు. "అంతేనా?"

నేను తల ఊపాను. అడ్డంగా కాదు, నిలువుగా. ఆ రోజు నేను గడ్డి తిన్నాను. దాన్ని వేరే మాటల్లో చెప్పడం నాకు చేతకాదు.

బయటికొచ్చాక బాబాయ్ నా మొహం చూసి నవ్వాడు. "నీకు ఆ కాగితం కావాలి కదమ్మా. నాదేముంది? నాలుగు రోజులు తిడతారు, మళ్లీ తల తగిలిస్తారు. ఇది మనసులో పెట్టుకోకు."

నాలుగు రోజులు కాదు. మర్నాడే ఆయన్ని పార్కింగులో పడేశారు. చేతిలో ఎర్రజెండా, నోట్లో విజిలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడి కార్లను వెనక్కి రమ్మనాలి, ముందుకు పొమ్మనాలి. "ఆ మనిషిని మళ్లీ పిల్లల దగ్గరికి రానివ్వకండి" అని పాప తండ్రి రాసిచ్చి వెళ్లాడట. ఆయన్ని అననవసరం లేదు, ఎవరైనా అదే రాస్తారు. కాకపోతే ఆ మనిషి ఎవరో ఆయనకు తెలియదు, నాకు తెలుసు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. బాబాయ్ లెక్క తప్పిందని తెలిసిన ఆ పొద్దునే వెళ్లి చెప్పాల్సింది. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఎవరైనా ఇద్దరు గుసగుసలాడుకుంటే నా గురించే అనుకునేదాన్ని. పాపకు ఎలా ఉందని ఎవరో మామూలుగా అడిగితే "నాకేం తెలుసు?" అని గయ్యిమన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నానన్నమాట.

ఇక డబ్బా సంగతి. పార్కింగుకు పంపిన మొదటిరోజు మధ్యాహ్నం డ్రెస్సుల గదికి వెళ్తే, బల్లమీద కింది అర మూతపెట్టి ఉంది. డ్రెస్సులు కుట్టి ఉతికే అక్క అంది, "మీ బాబాయ్ అంత ఎండలో నడిచొచ్చి పెట్టి వెళ్లాడే. తినమన్నాడు."

తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. ఆ మూడు వారాలూ రోజూ తిన్నాను.

అమ్మకు చెప్పాను. చెబితే చెంప పగలగొడుతుందేమోనని, ఒకరకంగా అందుకే చెప్పాను. అమ్మ అప్పుడు, బొద్దుగాడి తల బరువుకు పట్టేసిన నా మెడకు మందు రాస్తోంది. రాస్తూనే, "పోనీలేవే, ఆయనే ఒప్పుకున్నాడు కదా. నువ్వెలాగూ వెళ్లిపోతున్నావు" అంది.

నేను వినాలనుకున్న మాట అదే. అందుకే అంత కోపమొచ్చింది. అమ్మ చెయ్యి విదిలించి అవతలి గదిలోకి వెళ్లాను. కానీ మర్నాడు కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. కోపం తెచ్చుకున్నంత మాత్రాన మంచిదాన్ని అయిపోతానా!

బొద్దుగాడి పని మొత్తం నా మీద పడింది. వెనక నడవడానికి టిక్కెట్ల కౌంటర్ నుంచి ఒక పిల్లను వేశారు. మంచి పిల్లే, కానీ తలుపు కొట్టినట్టు కొడుతుంది. ఒకసారో రెండుసార్లో తెలిసి చావదు. మొదటిరోజు ఆ తొడుగులో నిలబడి, తట్టినా కాలు కదపలేకపోయాను. ముందు ఎవరున్నారో? ఎవరి చెయ్యి తొక్కుతానో? చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు, అడుగు అడుగుకీ కాలితో నేల తడుముకుంటూ నడిచాను. మూడేళ్లు బాబాయ్ తట్టగానే ఏమీ ఆలోచించకుండా నడిచేశాను. అదెంత పెద్ద సంగతో అప్పుడు తెలిసింది.

ఆదివారం పిల్లలు వచ్చారు. వాళ్లలో ఒకడు నా పొట్ట మీద చెయ్యేసి కాసేపు చూసి, వాళ్ల అమ్మతో, "ఇవాళ కూడా వీడు కాదు" అన్నాడు. లోపల ఏడ్చాను. ఆ తొడుగులో ఒక సుఖముంది, ఏడ్చినా చెమటలో కలిసిపోతుంది.

ఇంకో నాలుగు రోజుల్లో నా ఆఖరి రోజనగా, అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంది, "విన్నావా? మీ బాబాయ్‌ని ఈ నెలాఖరుకు పంపించేస్తున్నారట. పార్కింగుకు కుర్రాళ్లు చాలు అన్నారట."

నెలాఖరంటే నా ఆఖరి రోజే. ఇద్దరం ఒకే గేటులోంచి, ఒకేరోజు, నేను మంచి ఉద్యోగానికి, ఆయన ఇంటికి. ఆ సాయంత్రమే మేనేజరుగారి గది దాకా వెళ్లాను. తలుపు మీద చెయ్యి వేశాను కూడా. ఉత్తరం ఇంకా రాయలేదని గుర్తొచ్చింది. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు కూడా రేపే అనుకున్నాను.

ఆఖరి రోజు పదకొండింటికి మేనేజరుగారు పిలిచి ఉత్తరం ఇచ్చారు. చదువుకున్నాను. నిజాయితీ గల మనిషి, బాధ్యత తెలిసిన మనిషి అని ఉంది. మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. బయటికి వచ్చాను. పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. మళ్లీ లోపలికి వెళ్లి మొత్తం చెప్పేశాను, ఫోను, మెసేజీ, రెండుసార్లు తట్టడం, ఆ తల ఊపడం.

ఆయన అరవలేదు. నా జేబు వైపు చూశారు.

"ఉత్తరం ఇచ్చి పావుగంట కూడా కాలేదు" అన్నారు.

"వెనక్కి తీసుకోండి సార్."

"సంతకం పెట్టింది నేను, వెనక్కి తీసుకోను. ఉంచుకో. దగ్గర పెట్టుకుని అప్పుడప్పుడూ చదువుకో." ఫోను తీసి, బాబాయ్‌ని తీసెయ్యడం లేదని, మళ్లీ బొద్దుగాడి పనికి పంపమని పార్కింగుకు కబురు చేశారు. పాప తండ్రికి ఆ పూటే తానే చెబుతానన్నారు, నా పేరుతో సహా. సరేనన్నాను. పేరు పోతే పోయింది, ఇన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేని పేరేగా.

బాబాయ్ వచ్చాడు. మూడు వారాల ఎండకు మెడ కమిలిపోయి ఉంది. డ్రెస్సుల గదిలో విజిలు తీసి బల్లమీద పెట్టి, తొడుగు అందుకున్నాడు. దాన్ని ఓసారి వాసన చూసి, "బాగానే ఉతికావమ్మా" అన్నాడు అక్కతో. తర్వాత నావైపు చూడకుండానే అడిగాడు.

"చెప్పేశావటగా?"

"చెప్పాను బాబాయ్."

"కాగితం ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ముందా, తర్వాతా?"

అబద్ధం చెప్పొచ్చు. ఒక్క మాటే కదా. కానీ ఇక చేతకాలేదు.

"ఇచ్చాకే చెప్పాను" అన్నాను.

బాబాయ్ ఒక కాలు తొడుగులో పెట్టి, ఇంకో కాలు పెట్టాడు. "మంచిదేలే. అవసరం కదా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే కాళ్లు పట్టుకునేదాన్ని. "నేను నాలుగు రోజులే అనుకున్నాను పిల్లా" అన్నాడు మళ్లీ, తనలో తాను అనుకున్నట్టు. "పోనీ వారం."

వెనక జిప్పు నేనే లాగాను. తల నేనే తగిలించాను. ఆఖరి రోజని నాకు ఒంటిపూట డ్యూటీయే, అందులో ఇంకా రెండు గంటలుంది, నీలం చొక్కా వేసుకుని ఉన్నాను, చివరిసారి నేనే వెంట నడుస్తానని అక్కతో ముందే అన్నాను. అక్క తలుపు తీసింది. బయట ఆ రోజు రద్దీగా ఉంది, గుమ్మం ఎదురుగానే పిల్లలు. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను. దారి ఖాళీ అయ్యేదాకా ఆగాను. ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చాను. నా చెయ్యి ఆ వీపు మీద పెట్టి, నెమ్మదిగా, స్పష్టంగా రెండుసార్లు తట్టాను.

బొద్దుగాడు కదల్లేదు.

తెలియలేదేమో, దూది మందంగా ఉంటుంది కదా అనుకుని మళ్లీ తట్టాను. కుడికాలు నేలనుంచి కొంచెం లేచింది. లేచి, మళ్లీ ఉన్నచోటనే ఆనింది. కావాలని చేసింది కాదు. ఆయన నడవాలనే చూశాడు, కాలే రాలేదు. నాకు తెలుసు, నేనూ ఆ చీకట్లో నిలబడ్డదాన్నే.

అక్క నా మొహం చూసింది. సూది చీర కొంగుకు గుచ్చుకుని ముందుకొచ్చి, నా చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టి రెండుసార్లు తట్టింది.

బొద్దుగాడు నడిచాడు. ఎండలోకి వెళ్లి పొట్ట నిమురుకున్నాడు. పిల్లలు కేకలేసుకుంటూ చుట్టుముట్టారు. అక్క వెనకాలే వెళ్లింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. బల్లమీద విజిలు పక్కన కింది అర మూతపెట్టి ఉంది.